మూడో గది రేడియేటరు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరు మొదటి వారంలో, మా యాజమాన్యం నన్ను తెనాలి రైసు మిల్లు బాయిలరు విభాగం నుంచి బాపట్ల దగ్గరి రొయ్యల హేచరీకి మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా మార్చింది. హేచరీ అంటే రొయ్య పిల్లల్ని పెంచి, సీడు పేరుతో చెరువుల రైతులకు అమ్మే చోటు. గది వేడి చేసుకోవాల్సినంత చలి మా ప్రాంతంలో మనుషులకు ఉండదు, రొయ్య పిల్లలకు ఉంటుంది. వాటి నీళ్లు ముప్పై డిగ్రీలకు తగ్గకూడదు. అందుకని బాయిలరు వేడినీళ్లు ప్లాస్టిక్ గొట్టాల్లో ఆరు గదులకూ వెళ్లి, గోడలకు బిగించిన ఇనుప రేడియేటర్లలో తిరిగి వచ్చేవి.

నేను ఇనుప గొట్టాల మనిషిని. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ ప్లాస్టిక్‌ను చూడగానే ఒళ్లు మండింది. బొమ్మల సామానుతో బాయిలరు నడుపుతున్నారా అని అందరి ముందూ వెక్కిరించాను కూడా.

చేరిన నాలుగో రోజు ఉదయం ఏడింటికి మూడో గది రేడియేటరు తుప్పు తిని చిల్లు పడింది. కొత్తది స్టోరులో ఉంది. ప్రతి రేడియేటరుకూ నీళ్లు వచ్చే వైపు ఒక వాల్వు, తిరిగి వెళ్లే వైపు ఒక వాల్వు ఉంటాయి. రెండూ మూసేస్తే విప్పుకోవచ్చు. మొదటిది మూసుకుంది. రెండోది ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోలేదు. అలాంటప్పుడు బాయిలరు ఆపి, లైనంతా ఖాళీ చేసి పని చేయడం నియమం. మళ్లీ నింపి గాలి తీసేసరికి నాలుగు గంటలు పడుతుంది. బాయిలరు ఆపమన్నాను.

హేచరీ టెక్నీషియన్ రజియా నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. పేరాల ఊరి అమ్మాయి. అప్పుడు గదుల్లో ఉన్న సీడు, తన సొంత బాధ్యత మీద వేసిన మొదటి బ్యాచి.

"నాలుగు గంటలేంటి సార్? రెండు డిగ్రీలు పడితే చాలండి, ఆరు గదుల సీడూ పోద్ది. రేపల్లె రైతులు చెరువులు నింపుకుని కూర్చున్నారండి. వాళ్లకేం చెప్పమంటారు?"

ఆమె కోపంలో న్యాయం ఉంది.

అప్పుడు ఫిట్టరు కోటయ్య నోరు విప్పాడు. రేపల్లె వైపు రైతు కుటుంబం వాడు. "సార్, చేలో ఇంజనాపకుండా పైపు మార్చాలంటే మేం నీళ్లొచ్చే డెలివరీ పైపు మడిచి పట్టుకుంటామండి. ఇదీ మెత్తందే కదండి."

వేడినీళ్ల లైనుకు చేలో తెలివి పనికొస్తుందా అని కసిరాను. కసిరాక గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూశాను. వేడికి అది ఇంకా మెత్తబడి ఉంది. మడిస్తే చీలుతుందేమో గానీ, నిదానంగా నొక్కితే నీళ్లు ఆగుతాయి. నీళ్లు తిరిగి వెళ్లే గొట్టాన్ని రెండు చెక్క ముక్కల మధ్య పెట్టి, వడ్రంగి వాడే క్లాంపుతో బిగించాం. దాని పక్కనే ఇంకొకటి వేశాం. నీళ్లు ఆగాయి. పంపు తిరుగుతూనే ఉంది, మిగతా ఐదు గదుల్లో వేడి చెక్కు చెదరలేదు.

విప్పేటప్పుడు పాత అలవాటు కొద్దీ ఒక్క రెంచితో నట్టు తిప్పాను. నట్టుతో పాటు గొట్టమూ మెలి తిరిగింది. "ఆగండి సార్!" అంటూ కోటయ్య రెండో రెంచితో వాల్వును పట్టుకున్నాడు. ఇనుప గొట్టం కదలకుండా ఉంటుంది, ప్లాస్టిక్ అయితే ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు తిప్పాలి. చెడిన వాల్వు కూడా మార్చి, గొట్టం చివర నొక్కుకుపోకుండా లోపల చిన్న ఇత్తడి గొట్టం ముక్క దూర్చి, కొత్త రేడియేటరు బిగించాం. క్లాంపులు వదిలి, వాల్వులు తెరిచి, రేడియేటరు పైనున్న స్క్రూ వదులు చేస్తే గాలి బుస్సుమని పోయి నీళ్లొచ్చాయి. మొత్తం యాభై నిమిషాలు. ఆ గది నీళ్లు అర డిగ్రీ తగ్గాయి, అంతే.

రజియా గాజు బీకరులో సీడు ముంచి వెలుతురుకు ఎత్తి పట్టింది. "తిరుగుతున్నాయండి! అన్నీ తిరుగుతున్నాయండి సార్!"

నేను పెద్దగా కేక వేశాను. అంత సంతోషం నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు. బ్యాచి చెక్కుచెదరకుండా రేపల్లె వెళ్లింది. నొక్కిన చోటు బలహీనపడి ఉంటుంది కాబట్టి తర్వాత ఆ గొట్టం ముక్క కోసి మార్చాం.

మెయింటెనెన్స్ రిజిస్టరులో పని చేసినవారి పేర్లు హోదా ప్రకారం రాస్తారు. నేను కోటయ్య పేరు ముందు రాసి, నాది కింద రాశాను. పొరపాటు పడ్డారా అని మేనేజరు అడిగితే, లేదండి, వరస సరిగ్గానే ఉందన్నాను.

గొట్టం దేనితో చేసిందో చూశాకే రెంచి పట్టుకోవాలి. ఆ ఉదయం ఆరు గదుల సీడునూ చంపబోయింది ఇనుము మీద నాకున్న ముప్పై ఏళ్ల అనుభవమే.