వాక్యం మారిన ఆదివారం

కార్డిఫ్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వెబ్‌పేజీని నర్సుగా పనిచేసే ఒక ఆంటీ చూసుకునేవారు. ప్రకటనలు ఇంగ్లిషులో ఉండేవి. బటన్ నొక్కగానే అవి తెలుగులోకి మారాలని ఆవిడ కోరిక. నేను జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష నేర్చుకోవడం మొదలుపెట్టి పది రోజులైంది. పేజీ కదలకుండానే అందులోని అక్షరాలు మార్చేయవచ్చని తెలిసినప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు.

"వాక్యం నేను మార్చేస్తాను ఆంటీ," అన్నాను.

"దేవుని వాక్యం మార్చటానికి నువ్వెవరమ్మాయ్? భాష మార్చు, చాలు. ఆదివారానికి అవ్వకపోతే చెప్పు, నార్తాంప్టన్‌లో మా మేనల్లుడున్నాడు."

ఆ మేనల్లుడి మొహం కూడా నాకు తెలియదు. అయినా ఆ పేజీ అతని చేతికి పోకూడదని వారమంతా కూర్చున్నాను.

మార్చాల్సిన ప్రతి చోటుకూ ఐడీ అని ఒక పేరు పెట్టాలి. పాస్టర్ గారు చెప్పబోయే బైబిలు వచనానికి 'వాక్యం' అని పెట్టాను. ఇంట్లో నా లాప్‌టాప్‌లోని నకలు మీద నొక్కి చూస్తే చక్కగా మారింది. ఆదివారం పొద్దున, వచ్చే వారం భోజనాల సంగతి తేలింది. బస్సులో కూర్చుని అదీ కలిపాను. ఒక్క వాక్యమే కదా అని దానికీ 'వాక్యం' అనే పేరు పెట్టాను. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు.

ఆరాధన అయ్యాక హాల్లో అందరి ముందూ నా లాప్‌టాప్‌ను పెద్ద తెరకు కలిపి బటన్ నొక్కాను. 'ఈ వారం దేవుని వాక్యం' అన్న శీర్షిక కింద తెలుగు వచ్చింది: 'కోడి కూర, పులిహోర ఉంటాయి, ఎవరి పళ్లేలు వారే తెచ్చుకోగలరు.'

"ఈ వారం వాక్యం తొందరగా అర్థమైందమ్మా," అన్నారు ముందు వరుసలోని అంకుల్.

పాస్టర్ గారు కూడా నవ్వారు. ఆంటీ మాత్రం నవ్వకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోను వెతకసాగారు.

"రెండు నిమిషాలాగండి ఆంటీ. రెంటికీ ఒకే పేరు పెట్టాను, అందుకే కూర వచ్చి వచనం చోట్లో పడింది. కంప్యూటరు మొదట కనబడిన వాక్యాన్నే పట్టుకుంటుంది, రెండోది దానికి పట్టదు."

"గట్టి విశ్వాసే," అన్నారు అంకుల్.

కింది వాక్యం పేరు 'కూర'గా మార్చి నొక్కాను. వచనం పైన, కోడి కూర కింద, రెండూ తెలుగులో. మళ్లీ నొక్కితే ఇంగ్లిషు. మళ్లీ తెలుగు. నా వేలు నా మాట వినడం మానేసింది.

"చాల్లే అమ్మాయ్, అరిగిపోద్ది," అన్నారు ఆంటీ. బ్యాగులోంచి తన ఆసుపత్రి డ్యూటీ వేళల రోటా కాగితం తీసి, వెనక ఏదో రాసి నా చేతిలో పెట్టారు.

"మన పేజీ పాస్‌వర్డు. ఎవరికీ చెప్పమాకు."