పాప ఏడవని రోజులు

పిల్లలన్నాక ఏడుస్తారు. ఈ ముక్క మా వీధిలో ఒక్కరికీ తెలియదేమో అనిపించేది నాకు. మా పాపకు ఎనిమిది నెలలు దాటినా రాత్రంతా నిద్రపోయేది కాదు. లేచేది, పాలు తాగేది, కళ్ళు మూసేది, పక్కలో వేయగానే మళ్ళీ గుక్కపట్టి ఏడ్చేది. ఇబ్రహీంపట్నంలో మాది రెండు గదుల అద్దె వాటా. పక్క వాటాకూ మాకూ మధ్య ఒకటే గోడ. తెల్లారి గిన్నెలు తోముకుందామని బయటికొస్తే చాలు, ఇంటి ఓనరమ్మ పైనుంచి తొంగిచూసేది.

"రాత్రంత ఏందే గా లొల్లి? దిష్టి తీసినవా?"

తీశాను. ఉప్పుతో తీశాను, మిరపకాయలతో తీశాను, చివరికి చీపురుతో కూడా తీశాను. ఒకామె నల్లదారం కట్టమంటే కట్టాను. ఇంకొకామె వాము నీళ్ళు పట్టమంది. మరొకామె నా పాలే పల్చగా ఉన్నాయని నా మొహం మీదే అనేసింది. ఆమె ఎప్పుడు చూసిందమ్మా నా పాలు? "జరసేపు పిల్లను నాకియ్యి, నువ్వు పండుకో" అన్న మనిషి మాత్రం ఒక్కరు లేరు. నోరు ఊరికే వస్తుంది, చెయ్యి రాదు.

మా ఆయన సంగతి చెప్తే సిగ్గుచేటు. ఒక కంపెనీలో ప్యాకింగ్ పని, పొద్దున షిఫ్టు. పాప గొంతు లేవగానే దిండు చంకలో పెట్టుకుని డాబా మీదికి పోయేవాడు. "నాకు తెల్లారితె డ్యూటీ ఉన్నదే" అనేవాడు. నాకు లేనట్టు! మన్నెగూడలో టైలరింగ్ షాపులో జాకెట్లు కుడతాను నేను. నిద్రలేని కళ్ళతో మిషన్ ముందు కూర్చుంటే సూది వేలిలో దిగేది. షాపు మేడం నా వేలు చూసేది కాదు, గుడ్డకు రక్తం అంటిందేమోనని చూసేది.

పగలు పాపను మా అత్త చూసుకునేది. పెద్దచెరువు చేపలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాక ఇంటిపట్టున ఉంటోంది. మాట గరుకు గానీ చెయ్యి మెత్తన. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నీళ్ళు పోస్తుంటే నేను పని మరిచి చూస్తూ నిలబడేదాన్ని. పొద్దు గూకేసరికి ఆమెకు ఒక సీసా ఈత కల్లు పడాలి. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ కల్లు దుకాణం నుంచి తెచ్చిచ్చేవాడు. ఒళ్ళు నొప్పుల మనిషి, ఇంత తాగి ఇంత తిని పడుకునేది. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఉన్నట్టుండి పాప నిద్రపోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికే నిద్రలో ఉండేది. లేపితే మత్తుగా రెండు గుక్కల పాలు తాగి మళ్ళీ పడుకునేది. తెల్లారేదాకా కదిలేది కాదు. మా ఆయన ఛాతీ విరుచుకుని, "చూసినవా మా అమ్మ చెయ్యి? నీకు రాకపాయె" అన్నాడు. ఓనరమ్మ కూడా పైనుంచి "గట్లుండాలె పిల్లలంటె" అని మెచ్చుకుంది. పొద్దున లేచేసరికి పాలు చేపి నా జాకెట్ ముందంతా తడిసిపోయేది. పిల్ల పాలకు కూడా లేవదేమిటని అత్తను అడిగాను. "కడుపు నిండినంక ఎందుకు లేస్తదే?" అంది ఆమె, ఎంత మామూలుగా అందో! నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. షాపులో తోటివాళ్ళకు మా అత్త గురించి గొప్పగా చెప్పుకున్నాను. నన్ను అలా సంతోషపడనిచ్చారు చూడండి, ఇప్పటికీ నా కడుపు మండేది అక్కడే.

తొమ్మిదో నెల టీకా కోసం పాపను అంగన్‌వాడీకి తీసుకుపోయాను. అత్త కూడా వెంట వచ్చింది. గది నిండా తల్లులు, పిల్లలు, ఏడుపులు. ఒక పిల్లకు సూది పొడిస్తే ఆ కేకకు పొడవని పిల్లలు కూడా అందుకుంటున్నారు. మా వంతు వచ్చింది. నర్సమ్మ పాప చేతికి సూది గుచ్చింది. పాప "ఊఁ" అంది. అంతే. కళ్ళు సగం తెరిచి, మళ్ళీ మూసేసింది.

పక్కనున్న ఒకామె "అబ్బ, ఎంత బుద్ధిమంతురాలు!" అంది. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. పాప అరికాలు గిల్లింది. రెప్ప ఎత్తి చూసింది. వంగి నోరు వాసన చూసి, తలెత్తి నా మీద విరుచుకుపడింది.

"ఏం తాపినవ్ పిల్లకు?"

"పాలు తాపిన. ఇంకేం తాపుత?" నాకూ అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతమందిలో నన్నే అంటుందా అని.

"కల్లు వాసనొస్తుంది."

అత్త సీసా వాసన ఇంట్లో రోజూ ఉండేదే, పాప దగ్గర వచ్చినా నాకు వేరేగా తెలియలేదు. అదేమిటని నేను అడిగేలోపే వెనక నుంచి మా అత్త నింపాదిగా చెప్పింది. "నేనే తాపిన. గంత ఆగమెందుకు? రోజు మాపటికి జరంత పడ్తనే ఉన్న. ఇయ్యాల సూది నొప్పి ఎర్కగావద్దని పొద్దుగాల గూడ పట్టిన. కల్లు సలువ. నీ మొగడు గట్లనే పెరిగిండు."

ఆమె మొహంలో తప్పు చేసిన జాడ లేదు. మనవరాలికి నొప్పి తెలియకూడదని చేసిన మనిషి, మెచ్చుకుంటారని చూస్తున్నట్టే ఉంది. గొంతు పట్టుకుందామా అన్నంత కోపం వచ్చింది నాకు.

"నీ కొడుక్కెరుకనా?" అన్నాను.

"ఎర్కనే. వాడే అన్నడు, నాకు తాపినట్టు దీనికి గూడ తాపరాదె అని."

ఎరుకే! తెలిసే నా ముందు ఛాతీ విరుచుకున్నాడన్నమాట. నేను షాపులో మిషన్ తొక్కుతుంటే ఆ సీసా తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడి చూశాడన్నమాట. పాప నా చేతుల్లో తడిగుడ్డలా వేలాడుతోంది. ఇంకేమీ ఆలోచించకుండా ఆటో ఎక్కాను. అత్త కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. దిగమందామనుకునేలోపే ఆటో కదిలింది.

దవాఖానాలో డాక్టరమ్మ పాప ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, మా అత్త చెప్పిందంతా విన్నది. "మీ కాలంల అది చెట్టు మీదికెల్లి దిగిన కల్లు. అది గూడ పసిపిల్లలకు పట్టొద్దు. ఇప్పుడు దుకాణాలల్ల మత్తుమందు కలుపుతున్నరు. పెద్దోళ్ళే పడిపోతున్నరు" అంది. అత్త "దుకాణపాయన మనోడే" అని ఏదో అనబోయింది. డాక్టరమ్మ వినిపించుకోకుండా నాకేసి తిరిగింది. "ఊపిరి మందంగ ఉన్నది. నిద్రవోనియ్యకండి. గిల్లుండ్రి, కొట్టుండ్రి, ఎట్లన్న చేసి ఏడిపియ్యుండ్రి."

ఏడిపించాలట! ఇన్ని నెలలు ఊరంతా కలిసి నోరు మూయించాలని చూసిన పిల్లను ఏడిపించాలట!

తడిబట్ట మొహానికి అద్దాను. చెవి తమ్మె నులిమాను. "ఏడువ్ బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత, ఏడువ్" అని బతిమాలాను. అత్త పాప కాళ్ళ దగ్గర నిలబడి వేలితో అరికాలి మీద కొడుతోంది. కొట్టి, ఆగి, నావైపు చూసింది.

"కొట్టనీకి చెయ్యి వస్తలేదే" అంది.

"తాపనీకొచ్చింది గద!" అని అరిచాను. వార్డంతా మావైపు తిరిగింది. తిరగనీ. అత్త తల వంచుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి గట్టిగానే కొట్టింది, కొడుతూ ఏడ్చింది.

పాప ఛాతీ లేస్తుందా లేదా అని చూడటం తప్ప ఆ పూట నాకు ఇంకేమీ గుర్తులేదు. పొద్దు వాలేవేళకు మూతి వంకర్లు పోయింది. సన్నగా మూలిగింది. ఇంకోసారి మూలిగి, ఒక్కసారిగా గుక్కపట్టి అందుకుంది. అబ్బ, ఏం గొంతు! డాక్టరమ్మ వచ్చి చూసి, ముక్కుకు పెట్టింది తీసేసి, ఇక భయం లేదు, ఈ రాత్రికి మాత్రం కనిపెట్టుకుని ఉండండి అని చెప్పింది.

అప్పుడొచ్చాడు మా ఆయన. డ్యూటీలో ఫోన్ చూసుకోలేదట. గుమ్మంలో నిలబడి ఏడుపు విన్నాడు, అటూ ఇటూ చూశాడు.

"ఏందే గా లొల్లి? అందరు జూస్తున్నరు. జర ఊకోబెట్టరాదె" అన్నాడు.

నేను లేచేలోపే మా అత్త మంచం పట్టుకుని లేచింది. కొడుకు మీద ఆమె గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు.

"నోర్మూసుకో. నువ్వు తెచ్చినవ్, నేను తాపిన. బిడ్డ పానం పోతుండె. ఏడ్వనీ దాన్ని."

ఆ మాటతో ఆమె మీద నా కోపం తగ్గిందనుకునేరు, తగ్గలేదు. ఇవాళ్టికీ తగ్గలేదు. పాపను ఎత్తి మా ఆయన చేతుల్లో పెట్టాను. "తెల్లారేదాక నీతాన్నే. ఊపిరి చూస్తుండు. రెప్ప వాలిస్తె నేను మనిషిని గాను" అన్నాను. పాప అతని చెవి పక్కనే గొంతు చించుకుని ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తెలియక ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మారుస్తున్నాడు. మార్చనీ అనుకుని, నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను.