మద్ది చెట్టు మీద నడుము లేని కందిరీగ

"ఇంక కొడుతవా, అవ్వా?"

"నడుము చూసి కొడుత, బిడ్డా."

మేడంకు నాకు ఆఖరి మాటలు గివే. జీపెక్కి పోయింది, మళ్ల మా అడవికి రాలే.

కరోనా పోయిన మరుసటేడు, వానకాలం ముచ్చట. మాది భూపాలపల్లి జిల్లాల గోదారి దిక్కు ఊరు. నా పని దసలి పట్టు. ఇంట్ల తట్టలల్ల పెంచే పట్టు కాదు. పురుగులను అడవిల మద్ది చెట్ల మీద వదిలి, అవి ఆకు తిని పట్టుకాయ కట్టేదాక కావలుండాలె. మా ఆయన పోయినంక ఆ చెట్లు నేనే చూసుకుంటున్న, నా ఏడాది బతుకు వాటి మీదనే. పురుగు సన్నగున్నప్పుడు పెద్ద దుష్మన్ కందిరీగ. ముక్కలు చేసి ఎత్తుకపోతది. అందుకే మా చేతిల ఎప్పుడూ ఈత పొరక ఉంటది. పసుపు నలుపు చారలు కనవడ్డయంటే కొట్టుడే.

మేడం పురుగుల చదువు చదివిన మనిషి, కొత్త జాతులు వెతుక్కుంట మా అడవికి వచ్చింది. వచ్చిన పొద్దే మా వదిన లచ్చవ్వ ఆమెను చెట్ల కాడ ఆపింది. పురుగులు చెట్ల మీదున్నన్ని దినాలు మేము వాసన సబ్బు, నూనె ముట్టం. పురుగుకు పడదని పెద్దలకెల్లి వచ్చిన కట్టడి.

"పెండ్లికి వచ్చినట్టు గుబాళిస్తున్నవేందమ్మా? వాగుల మునిగి రాపో."

మేడం నవ్వి, నిజంగనే మునిగి వచ్చింది.

పెట్టె తెరిచి సూదికి గుచ్చిన ఒక పురుగును చూపిచ్చింది. గట్ల దాచినదాన్ని స్పెసిమెన్ అంటరట.

"గిది ఏంది అవ్వా?"

"కందిరీగ."

"నడుము చూడు."

భూతద్దం పెట్టి చూసిన. కందిరీగకు నడుము దారమంత ఉంటది. దీనికి ఛాతి, కడుపు ఒక్కటే లావు. రెక్కలు అద్దమోలె ఉన్నయి, అంచులకు మాత్రం రంగు పొడి.

"గిది చిమ్మట. దీపం కాడికొచ్చే రెక్కల పురుగుల జాతే. కాని పగలే ఎగురుతది. కందిరీగ వేషం కట్టి పిట్టల నుంచి తప్పిచ్చుకుంటది. దీనికి ఇంకా పేరు లేదనుకుంటున్న. గిది మొగది. ఆడదాని చారలు వేరే ఉండొచ్చు. అది కూడా దొరికితేనే కొత్త జాతని గట్టిగ చెప్పగలుగుత. కొన్ని దినాలు కొట్టుడు ఆపుతవా?"

"ఆపితే నా పంట నువ్వు తెచ్చిస్తవా?"

ఆమె చెట్టు చెట్టుకు తిరిగి బెరడు చూసింది. అంచుకున్న మద్ది మొదట్ల గోధుమరంగు ఖాళీ పొట్టొకటి సగం బయటికి పొడుచుకొని ఉన్నది. చిమ్మట పిల్ల లోపల కాండంల పెరిగి, రెక్కలొచ్చినంక గిట్ల పొట్టు విడిచి ఎగిరిపోతదని చెప్పింది. సరే, ఆ ఒక్క చెట్టు మీద కొట్టుడు ఆపుతనని ఒప్పుకున్న. పట్టుపురుగులున్న దాని కొమ్మలు కోసి వేరే చెట్లకు మార్చిన. కాని అన్నిటికి ఆకు సాలలే, సగం ఆడనే ఉండె.

తెల్లారి లచ్చవ్వ అలవాటు కొద్ది ఆ చెట్టు దిక్కు పోయింది. పొరక సప్పుడైంది.

"అయ్యో!" అని మేడం ఉరికింది. చితికిన కడుపుల గుడ్లు కనవడ్డయి. "ఆడదే," అన్నది. రెక్కలు నుజ్జయినయి, చారలు ఆనవట్టరాకుండ పోయినయి.

"కందిరీగ లెక్కనే ఉండె గద! దాని జాతకం నాకేం ఎరుక?" అన్నది వదిన. మేడం ఆ రెక్కల ముక్కలను కాయితంల ఏరుకున్నది. ఏడిస్తే బాగుండు అని నాకు అనిపిచ్చింది.

నిజం కందిరీగలు మాత్రం ఊకోలే. ఆ చెట్టు మీది పురుగులు పలుచవడ్డయి. "రేపొక్క దినమే బిడ్డా. తర్వాత నేను కొడుత," అన్న. మేడం తలూపింది.

మరునాడు ఎండ పొడిసినంక బెరడు మీద చారలు కనవడ్డయి. నా చేయి దానంతట అదే లేచింది. నడుము చూసిన. లేదు. పొరక పైనే ఆపి నిలవడ్డ. అది మొగదాన్ని పిలిచినట్టు తోక పైకెత్తి కదలకుండ కూసున్నది. ఇంతల ఇంకోటి తాడు కట్టి గుంజినట్టు సీదా దాని కాడికే వచ్చి వాలింది. మెల్లగ మేడంను పిలిచిన. ఆమె ఊపిరి బిగవట్టి రెండింటి మీద సీసా బోర్లిచ్చింది. ఆడదానికి చారలు వెడల్పు, తోక కుచ్చు పసుపు. మొగదానికి నలుపు.

ఆ చెట్టు మీది పురుగుల్ల మస్తు పోయినయి. మిగిలిన చెట్ల మీది పురుగులు కాయ కట్టినయి, నేను బతికిన. ఆ చిమ్మటకు ఏం పేరు పెట్టిన్రో నాకు తెల్వదు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఇన్నేండ్లు నేను చూసింది చారలను, పురుగును కాదు. ఇప్పుడు చేయి లేచినంక జర ఆగుతది. ఆ జరల ఒక్కోసారి నిజం కందిరీగ నా పురుగును ఎత్తుకపోతది. అయినా ఆగుతది.

సరితా, మా చెల్లె బిడ్డవని నీకు చెప్పి రాయిస్తున్న. నీ సొంత మాటలు కలిపినవా ఏంది? మొదటికెల్లి సదువు, ఇంట.