చెంప ఆనని కర్ర తుపాకి

"ఇంకాస్త చెక్కితే కుదురుద్ది చూడు," అన్నారాయన.

"మూడుసార్లు చెక్కారు. ఇంక ఆ చెక్కలో ఏం మిగిలిందని?" అన్నాను.

"రవికలు కుట్టుకునేదానివి, నీకేం తెలుసే తుపాకుల సంగతి!"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. గరుకు కాగితం కొనుక్కొస్తానని లిఫ్టులో దిగిన మనిషి, కింద దుకాణం ముందే గుండె ఆగి పడిపోయారు.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

తుపాకి అంటే పేలేది కాదు. మేం వలసొచ్చిన ఈ దేశంలో అలాంటిది ఇంట్లో చేస్తే జైలే. మా మనవరాలు స్కూల్లో గురి పోటీల జట్టులో చేరాలని నేర్చుకుంటోంది. అక్కడి ఎయిర్ రైఫిల్‌ను సాయంత్రం కాగానే గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇంట్లో అంత బరువున్నదేదైనా పట్టుకుని కదలకుండా నిలబడడం అలవాటు చేసుకోమన్నాడు కోచ్. ఓడల యార్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టర్‌గా చేసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? బూన్ లే అనే పేటలో మా ఫ్లాటు వంటింట్లోనే పని మొదలెట్టారు. గొట్టం లేదు, ట్రిగ్గర్ లేదు. కోచ్ రాసిచ్చిన కొలతల ప్రకారం చెక్క, బరువుకు లోపల ఇనప నట్లు, గురి చూడ్డానికి పైన ఒక రింగు. చూసినవాళ్ళు జడుసుకోకుండా పసుపు రంగు కూడా వేశారు. అయినా పక్కింటి తమిళావిడ ఊరుకోలేదు. "అంకుల్, పోలీసులొస్తే మీరెవరో మాకు తెలీదని చెప్పేస్తాం," అని ఒకటే నవ్వు.

బరువు సరిపోయింది, పొడుగు సరిపోయింది. పిల్లకే సరిపోలేదు. తుపాకి మడమ, అంటే వెనక కొస, భుజానికి ఆనించి చెంప చెక్క మీద పెడితే, మొహం ముందుకు వెళ్ళిపోయి గురి చూసే రింగు కనురెప్పకు తగిలేది. "కెనాట్ లా తాతయ్యా, నా వల్ల కాదు, మెడ నొప్పి," అని తల వెనక్కి లాక్కునేది. అదే అలవాటుతో స్కూల్లో నిలబడితే గురి చెల్లాచెదురయ్యేది. చెంప ఆనే చెక్క ఎత్తయిందని ఈయన చెక్కడం, అయినా కుదరకపోవడం.

కర్మలు అయిన పది రోజులకు జట్టు ఎంపిక. పిల్ల ఆ తుపాకిని తలుపు వెనక పెట్టేసి ముట్టుకోవడం మానేసింది. ఒకరోజు అన్నం దగ్గర, "నేను సెలెక్ట్ అవకపోతే తాతయ్య చేసిందంతా వేస్ట్," అంది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను.

చెయ్యి కడుక్కుని పిల్లను లేపి నిలబెట్టాను. రవిక కొలత తీసే ముందు ఎవరినైనా అడిగేదే అడిగాను.

"స్కూల్లో తుపాకి పట్టుకునేటప్పుడు ఒంటి మీద ఏం వేసుకుంటావే?"

"జాకెట్, నానమ్మా. చాలా థిక్. అది వేసుకుంటే కూర్చోడానికి కూడా రాదు. స్కూల్‌ది, అక్కడే ఉంటది."

"మరి తాతయ్యకు చెప్పలేదా?"

"తాతయ్య అడగలేదు."

కోచ్‌ను బతిమాలి ఒక్కరోజుకు ఆ జాకెట్ ఇంటికి తెప్పించాను. అట్టలా నిలబడింది. భుజం దగ్గర రబ్బరు, వేళ్ళ మధ్య పట్టి చూస్తే నా చిటికెన వేలంత మందం. స్కూల్లో భుజానికీ మడమకీ మధ్య అంత మందం ఉంటే, ఇంట్లో పిల్ల టీషర్టు మీద పట్టుకుంటోంది. మొహం ముందుకు పోక ఏం చేస్తుంది?

పాత జీన్స్ నాలుగు పొరలు మడిచి, మధ్యలో యోగా చాప ముక్క పెట్టి, ఒక టీషర్టు భుజానికి కుట్టాను. మిషన్ సూదులు రెండు విరిగాయి. చెంప ఆనే చోట ఆయన చెక్కి తీసేసిన మేరకు పలచటి చెక్క అతికించాల్సి వచ్చింది. కుట్టుపని వచ్చినంత బాగా నాకు చెక్కపని రాదు, కాస్త వంకరగానే కూర్చుంది.

పిల్ల పట్టుకుంది. రింగు తగల్లేదు.

"మెడ?"

"ఓకే, నానమ్మా. మాట్లాడకు."

మా కోడలు పప్పు తాలింపు పెట్టి వచ్చేదాకా దించలేదు.

జట్టులో ఆఖరి పేరు మా పిల్లదే. ఆఖరిదైతేనేం, ఉంది.

ఇప్పుడు తెలిసినవాళ్ళంతా, "ఆంటీ, అంకుల్ చేసిన తప్పు మీరు దిద్దారట కదా," అంటున్నారు. ఆ మాట నాకు గిట్టదు. కోచ్ ఇచ్చిన కాగితంలో జాకెట్ ఊసే లేదు. ఉన్న కొలతలన్నీ ఆయన వెంట్రుకవాసి తేడా లేకుండా దించారు. అందుకే ఇదంతా రాయిస్తున్నాను.

అమ్మాయ్, రాసింది మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు. ఆయన్ని తక్కువ చేసినట్టు ఎక్కడైనా ఉంటే ఆగమంటాను, కొట్టేద్దువుగాని.