స్టాపు లేని చోట

"మూడు ఊళ్ళు తిరిగాం, మూడు బస్టాండ్లు చూశాను. సముద్రం ఎక్కడ దాచారు?"

"దారి పొడుగునా పక్కనే ఉందిగా. చూడొద్దన్నానా?"

వెనక సీట్లో అత్తయ్యకూ మావయ్యకూ జరుగుతున్న గొడవ ఇది. మావయ్య ఈ తీరం రోడ్డు మీదే బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు చూపు మందగించింది కాబట్టి, కాలేజీ మానేసి ఖాళీగా ఉన్న నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. చోటు బాగుందని నేను కారు నెమ్మది చేస్తే చాలు, "ఇక్కడ స్టాపు లేదురా, పోనీ" అంటాడు. ఊరొస్తే బస్టాండు దగ్గర ఆపిస్తాడు. ఇంకెక్కడ ఆగినా ఆయనకు తప్పు చేసినట్టే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన బస్సులోనే వెళ్తూ, ఒక్కసారి ఆపితే కాళ్ళు తడుపుకుని వస్తానని అత్తయ్య అడిగిందట. రిటైరయ్యాక చూద్దాంలే అన్నాడట.

నాలుగో ఊళ్ళో నాకు ఒళ్ళు మండి, కారును నేరుగా ఇసుక అంచుదాకా తీసుకెళ్ళి ఆపాను. అత్తయ్య ఆత్రంగా దిగింది. నాలుగడుగులు వేసేసరికి మెత్తటి ఇసుకలో ఆమె మోకాళ్ళు నిలవలేదు. నీళ్ళు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. మావయ్య భుజం పట్టుకుని వెనక్కి వచ్చి సీట్లో కూలబడింది.

"మీరు ఆపేసరికి నా మోకాళ్ళు రిటైరయ్యాయి" అంది.

ఆమె చెప్పుల్లో ఇసుక దులుపుకుంటుంటే, ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మావయ్య నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, తిరుగు దారిలో ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు. నేను పోనీ అంటూనే ఉంటాను, నా నోరు ఊరుకోదు. నా మాట వినకు."