శెట్టిగారి గడ్డితోట

పెరట్లో గడ్డి మొలిస్తే పీకేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మల్లెమొక్క మొలిస్తే పీకి గోడవతల పారేసి, గడ్డికి బిందెలతో నీళ్ళు పోసే మనిషిని మాత్రం గిద్దలూరు మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆయన మా పక్కింటి ఉమామహేశ్వర్లు శెట్టి. బజారులో బట్టల దుకాణం. ఇంట్లో భార్య కోటిరత్నం, అత్తగారు మహాలక్ష్మమ్మ. పశువు ఒక్కటీ లేదు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలో సంగతి. రాజధాని పోయినా దర్జా పోకూడదని కలిగినవాళ్ళంతా క్రోటన్లూ గులాబీలూ పెంచుతున్నారు. శెట్టి మాత్రం బండి కట్టించుకుని నల్లమల అంచుకు పోయి, గోనెసంచుల నిండా గడ్డి దుబ్బులు తెచ్చేవాడు.

"శెట్టీ, గేదెను ఎప్పుడు కొంటున్నావు?" అని ఒకనాడు గోడ మీదుగా అడిగాను.

"గేదె ఎందుకు?"

"మరి ఈ గడ్డి ఎవురికి?"

"ఎవురికీ కాదు. అందానికి!"

కురిచేడు నుంచి వచ్చిన బంధువొకాయన ఆ గడ్డిని చూసి జాలిపడి, మరుసటిసారి ఒక పెయ్యదూడను తోలుకొచ్చాడు. శెట్టి దాన్ని గడప తొక్కనివ్వలేదు. దూడా, బంధుత్వమూ రెండూ ఆ పూటే తిరుగు రైలెక్కాయని బజారులో చెప్పుకున్నారు.

పైగా ఏ గడ్డి చోటు దానిదే. వంటింటి గుమ్మం నుంచి వరసగా నక్కతోకలాంటి మెత్తటి కంకుల గడ్డి. స్నానాల గది దగ్గర ఘాటుగా వాసన వచ్చే కామంచి గడ్డి. బావి చుట్టూ మనిషెత్తు రెల్లు. పెరటి తలుపు దగ్గర బట్టలకు అంటుకునే ముళ్ళగింజల గడ్డి. ఒకసారి మా మేక గోడ దూకి ఆ మెత్తటి గడ్డి సగం మేసింది. శెట్టి దుకాణం మూసేసి పరుగెత్తాడు. పొద్దు గూకేలోగా కొత్త దుబ్బులు తెచ్చి నాటాడు.

"ఇంత తొందరేంది శెట్టీ? రేపు నాటితే కొంప మునుగుతాదా?"

"మునుగుతాది అయ్యవారూ" అన్నాడు, తల ఎత్తకుండానే. నేను నవ్వుకుని, బడిపిల్లల పలకలు దిద్దుకోవడానికి ఇంట్లోకి పోయాను.

ఆ గడ్డిని అందరికన్నా ఎక్కువ తిట్టేది అత్తగారే. ఆవిడ పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట పడదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. పరాయి మగవాళ్ళకు అసలే కనబడదు. తలుపు చాటు నుంచి గొంతు మాత్రం మా ఇంటిదాకా వచ్చేది. "రత్నా! మీ ఆయనకు చెప్పు. ఇది సంసారుల ఇల్లా, బందెలదొడ్డా?"

శెట్టి వినీ విననట్లు ఇంకో బిందె పోసేవాడు.

ఆ వానాకాలం మా వీధిలో ఒక తాచుపాము కనబడింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. అయినా నేరం గడ్డిమీద పడింది. పంచాయతీ ప్రెసిడెంటు వెంకటసుబ్బయ్య కొడవలి పట్టిన కూలీ మల్లయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సాక్షిగా నన్నూ పిలిచాడు. ముగ్గురం పెరట్లోకి పోయాం. శెట్టి రెల్లుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ప్రెసిడెంటుగారూ, దుకాణం రాసియ్యమంటే రాసిస్తా. ఇది మాత్రం కొయ్యొద్దు."

"అందం కోసం ఊళ్ళో మనుషుల్ని చంపుకుంటామా శెట్టీ? ఏయ్ మల్లయ్యా, కొయ్యి!"

అప్పుడే వంటింటి తలుపు కిర్రుమంది. శెట్టి గభాలున పెదవులమీద వేలు పెట్టాడు. ఆ ముఖం చూసి మేము నోళ్ళు మూసుకున్నాం.

మహాలక్ష్మమ్మ బయటికి వచ్చింది. మమ్మల్ని చూసి చాటుకు పోలేదు. మా వైపే చూస్తూ నడిచింది. అరచెయ్యి మెత్తటి కంకులమీద ఆనించి వరస వెంబడే వచ్చింది. కామంచి వాసన తగలగానే పక్కకు తిరిగి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంది. గాలికి రెల్లు గలగలమంటే బావికి ఎడంగా జరిగింది. "పాడు గడ్డి" అని గొణుక్కుంటూ, వచ్చిన దారినే ఎక్కడా తడబడకుండా లోపలికి పోయింది.

అన్నాళ్ళుగా పక్కింట్లో ఉండీ ఆవిడకు చూపు లేదని నాకు తెలియదు.

"చూపు పోయి మూడేండ్లయింది" అన్నాడు శెట్టి మెల్లగా. "చెయ్యి పట్టుకుని నడిపిద్దామంటే అల్లుడినైపోతిని. కూతురు పట్టుకోబోతే, నేనేమన్నా గుడ్డిదాన్నా అని ఇదిలించుకుంటాది. గులాబీలు పెడితే గుచ్చుకుంటాయి, గోడ కడితే తల తగులుతాది. గడ్డి అయితే ఒరుసుకున్నా నొప్పి తెలీదు గదా. ఆమెకు మాత్రం తెలియనియ్యొద్దు. నామోషీ పడతాది."

వెంకటసుబ్బయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మల్లయ్యా, పాము మన ముళ్ళకంపలోది అయ్యుంటాది. పా, ఆడ కొడదాం. గడ్డి... బాగానే ఉందిలే, అందంగా."

ఈ సంగతి రహస్యంగా ఉంచమని నా భార్య పుష్పమ్మకు చెప్పాను. రహస్యం కాబట్టి ఆమె ఆ మధ్యాహ్నమే గోడవతలికి పోయింది. నవ్వుతూ తిరిగి వచ్చింది.

"ఆమెకు మొదటినుంచీ తెలుసంట! తెలుసని తెలిస్తే అల్లుడు సిగ్గుపడతాడంట. అందుకే రోజూ గొంతెత్తి తిడతాదంట. ఇంకో మాట గూడా చెప్పింది. పెరటి తలుపు దగ్గర ఆ ముళ్ళ గడ్డి వద్దంట, చీరెలు పాడవుతా ఉన్నాయంట. నీ మాటగా ఆయనకు చెప్పమంది."

సాయంత్రం శెట్టి నీళ్ళు పోస్తుంటే గోడ మీదుగా చెప్పాను. "శెట్టీ, ఆ తలుపు దగ్గరి గడ్డి ఏమంత అందంగా లేదయ్యా."

"అందం గురించి మీకేం తెలుసు అయ్యవారూ!" అని కసురుకున్నాడు.

మరునాడు చూస్తే తలుపు దగ్గర ముళ్ళ గడ్డి లేదు. ఆ చోట దర్భ దుబ్బులు నాటి ఉన్నాయి.