మాలలో ఉన్న తమ్ముడు, బకెట్లో హీటర్

మా తమ్ముడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. తెల్లవారుజామున చన్నీళ్ళే పోసుకుంటున్నాడనుకున్నాను. ఈ రోజు దీపం పెట్టి స్నానాలగది వైపు వెళ్ళి చూస్తే, బకెట్లో హీటర్ రాడ్, స్విచ్ వేసే ఉంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, నీళ్ళలో వేలు పెట్టబోతున్నాడు.

"స్వామీ, చెయ్యి తియ్యి" అని స్విచ్ ఆపేశాను.

"ఏం కాదక్కా. కాగినయా లేదా అని రోజు గిట్లనే సూస్త."

రోజూ అనేసరికి ప్లగ్గు కూడా పీకేశాను.

"ఇగ సూడకు. సలికి వణికినా మంచిదే, మాకు నువ్వుండాలె."

"తిడుతున్నవా అక్కా? మాలల ఉన్న."

నిజమే, స్వామిని తిట్టకూడదు. శరణం చెప్పుకుని ఊరుకున్నాను. శబరిమల నుంచి వచ్చి మాల తీసేదాకా తిట్లన్నీ దాచుకుంటాను. మీ ఇంట్లోనూ ఇలా వేలు పెట్టి చూసేవాళ్ళున్నారా? వాళ్ళు మాలలో లేకపోతే నా తరఫున కూడా ఇప్పుడే తిట్టండి.